ఎడమ భుజానికి చోటివ్వని రైఫిల్

బెంగళూరుకు ఉత్తరాన, దేవనహళ్లి దారిలో ఉన్న యలహంక పేరు చెప్పగానే చాలామందికి విమానాలే గుర్తొస్తాయి. 1996 నుంచి ఏరో ఇండియా ప్రదర్శన జరుగుతున్నది అక్కడి వైమానిక స్థావరంలోనే. అయితే ఈ ఊరికి ఆయుధంతో ఉన్న చుట్టరికం విమానం కంటే చాలా పాతది. కెంపేగౌడ వంశం పాలెగాళ్లుగా ఏలిన నాటి నుంచి ఇవాళ్టి సీఆర్‌పీఎఫ్ గ్రూప్ సెంటర్, బీఎస్‌ఎఫ్ శిక్షణ కేంద్రం దాకా ఆయుధం పట్టిన మనిషి ఈ చుట్టుపక్కల కనిపించని కాలం దాదాపు లేదు. వత్తి తుపాకీ పోయి చెకుముకి తుపాకీ వచ్చింది. అదీ పోయి త్రీ నాట్ త్రీ, ఆ తర్వాత ఎస్‌ఎల్‌ఆర్, ఆ తర్వాత ఇన్సాస్ వచ్చాయి. ఇన్ని మారినా ఒక్కటి మాత్రం మారలేదు. తుపాకీ మడమ ఆనేది కుడి భుజానికే. ఎడమచేతివాటం ఉన్నవాడు దళంలో చేరితే వాడే తుపాకీకి అలవాటు పడాలి తప్ప, తుపాకీని వాడికి తగ్గట్టు మలిచే ఆలోచన ఎవరికీ రాలేదు. ఈ ఆనవాయితీ ఎక్కడ పుట్టింది, ఇంతకాలం ఎందుకు నిలిచింది, ఈమధ్య ఎందుకు సడలుతోంది అని వెతుక్కుంటూ పోతే ఒక సంగతి తేటపడుతుంది. రైఫిల్‌ను ఎడమచేతికి అనువుగా మార్చే పని ఎడమచేతివాటం వాళ్ల ఇబ్బంది చూసి ఊపందుకోలేదు. కుడిచేతివాటం సైనికుడికే ఎడమ భుజంతో అవసరం పడ్డాక ఊపందుకుంది.

ముందుగా తేలిగ్గా తట్టే జవాబును పక్కకు తీయాలి. ఎడమచేతిని అశుభంగా చూసే సమాజం కాబట్టి తుపాకీ కూడా కుడిచేతిదే అయిందని ఎవరైనా అనవచ్చు. యలహంక సీమలో ఆ మాటకు బలం చేకూర్చే ఆధారాలు లేకపోలేదు. 1537లో బెంగళూరు కోట కట్టించిన మొదటి కెంపేగౌడ యలహంక నాడుకు ప్రభువు. తెలుగులో గంగాగౌరీవిలాసం అనే యక్షగానం ఆయన పేరు మీదే ఉంది. ఆయన ఏలిన ఈ నేల మీద కుడి ఎడమల లెక్క చేతులతో ఆగలేదు. 1800లో మద్రాసు నుంచి బయల్దేరి మైసూరు రాజ్యమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్, ఇక్కడి కులాలు కుడిచేతి వర్గం, ఎడమచేతి వర్గం అని రెండుగా చీలి ఉండటాన్ని వివరంగా రాశాడు. ఇనుము, కంచు, బంగారం పని చేసే పాంచాలురు ఎడమచేతి వర్గానికి పెద్దలు. ఆ లెక్కన ఇనుమును సాగగొట్టిన కమ్మరి ఎడమ వర్గంవాడు, ఆ ఇనుముతో తయారైన తుపాకీ మాత్రం కుడిచేతిది. ఇంత ముచ్చటగా ఉన్నా ఈ వివరణ నిలబడదు. ఇలాంటి కుడి ఎడమ వర్గాల చీలిక లేని యూరప్‌లోనూ తుపాకీకి మందుగిన్నె కుడివైపే ఉండేది. పైగా రెండు చేతులతోనూ బాణం వేయగల అర్జునుణ్ణి సవ్యసాచి అని మెచ్చుకున్న సంప్రదాయం మనది. యుద్ధవిద్యలో ఎడమచేతిని మనవాళ్లు ఎప్పుడూ తక్కువ చేయలేదు. కాబట్టి కారణాన్ని నమ్మకాల్లో కాక, తుపాకీ పనిచేసే తీరులోనూ దాన్ని వాడిన పద్ధతిలోనూ వెతకాలి.

ఆ పద్ధతి పేరు వరుస. 1791 మార్చి 7న బెంగళూరు పేటను, 21 రాత్రి కోటను ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ సేనలు పట్టుకున్నప్పుడు ఆ సేనల్లో మద్రాసు సిపాయిల పటాలాలు ఉన్నాయి. ఆ సిపాయిల్లో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. ఉత్తరాదిలో కంపెనీ సిపాయిని చాలాకాలం తిలంగా అనే పిలిచారంటే వాళ్లు ఎంతగా కనిపించేవారో ఊహించుకోవచ్చు. వాళ్ల చేతిలోది చెకుముకి తుపాకీ. గుర్రం లాగి వదిలితే చెకుముకి రాయి ఉక్కుపట్టీని గీరుతుంది. నిప్పురవ్వలు గిన్నెలోని మందు మీద పడతాయి. ఆ మంట చిన్న రంధ్రం గుండా గొట్టంలోకి పోయి అసలు మందును అంటిస్తుంది. ఆ గిన్నె, రాయి, రంధ్రం అన్నీ తుపాకీకి కుడిపక్కనే. కుడి భుజానికి ఆనించి కాల్చేవాడి తల తుపాకీకి ఎడమపక్కన ఉంటుంది కనుక భగ్గుమన్న మంట అతనికి కాస్త ఎడంగానే ఉండేది. అదే తుపాకీని ఎడమ భుజానికి మారిస్తే తల కుడిపక్కకు వస్తుంది, మంట సరిగ్గా కళ్లముందే లేస్తుంది. అదీ చాలదన్నట్టు సిపాయిలు భుజానికి భుజం రాసుకునేంత దగ్గరగా నిలబడి, ఒకే ఆజ్ఞకు ఒకేసారి తూటా పొట్లం కొరికి, మందు పోసి, గజంతో కూరి, కాల్చేవారు. వందమందిలో పదిమంది మరో పక్కకు తిరిగి గజం తీస్తే ఆ వరుస వరుసగా ఉండదు. కుడి భుజం నియమం పుట్టింది ఇక్కడ. ఆ రోజులకు అది సమంజసమైన నియమమే. కాల్చేవాడి కంటిని, వరుస కుదురును, పటాలం వేగాన్ని మూడింటినీ అది కాపాడింది.

నియమానికి పుట్టుక కారణం ఒకటైతే బతుకు కారణం మరొకటి కావచ్చు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి మందుగిన్నె పోయింది, భుజాలు రాసుకునే వరుసా పోయింది. లీ ఎన్‌ఫీల్డ్ వచ్చింది. మన పోలీసు స్టేషన్లలో తరతరాలుగా నలిగిన త్రీ నాట్ త్రీ అదే. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి లాంఛనంగా వీడ్కోలు చెప్పింది 2020 గణతంత్ర దినాన. ఇందులో ఖాళీ తొడుగు బయటికి రావాలన్నా కొత్త తూటా లోపలికి పోవాలన్నా కుడివైపున్న బోల్టు పిడిని పైకెత్తి వెనక్కి లాగి మళ్లీ ముందుకు తోయాలి. కుడిచేతివాటం వాడికి ట్రిగ్గర్ నొక్కిన చెయ్యే ఆ పనీ చేస్తుంది. ఎడమచేతివాటం వాడు ట్రిగ్గర్ మీది చెయ్యి తీసి తుపాకీ మీదుగా అవతలికి చాచాలి, లేదా బరువు మోస్తున్న కుడిచెయ్యి వదలాలి. నెమ్మదిగానైనా పని జరుగుతుంది. ప్రమాదం మాత్రం లేదు. తొడుగు ఎప్పుడు బయటికి రావాలో కాల్చేవాడి ఇష్టం, కావాలంటే ముఖం పక్కకు తిప్పుకునే బోల్టు తెరవొచ్చు. అంటే ఈ దశలో ఎడమచేతివాటం వాడు పోగొట్టుకున్నది కాసింత వేగం మాత్రమే. పాత నియమాన్ని ఇక సడలించవచ్చు అనుకోవడానికి చరిత్రలో అదొక మంచి అదను. ఎవరూ సడలించలేదు. సరిగ్గా ఆ తర్వాతే తుపాకీ తనంతట తానే తొడుగును విసిరేయడం నేర్చుకుంది.

సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాయే పేలుతుంది, కానీ తర్వాతి తూటాను లోపలికి ఎక్కించే పని యంత్రమే చూసుకుంటుంది. మొత్తం పదాతిదళానికి ఇలాంటి రైఫిల్‌ను అందరికంటే ముందు ప్రామాణికం చేసింది అమెరికా. 1936లో అది స్వీకరించిన గరాండ్ ఆ రైఫిల్. మన దగ్గరికి ఆ మార్పు 1960ల్లో, ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైన 1ఎ1 ఎస్‌ఎల్‌ఆర్‌తో వచ్చింది. బెల్జియంలో డ్యూడొనే సేవ్ రూపొందించిన ఎఫ్ఎన్ ఫాల్ రైఫిల్‌కు అది మన దేశపు రూపం. దాని లోపల కంటి రెప్పపాటులో జరిగేది కాస్త ఆగి చూడాలి. తూటా గొట్టం దాటుతుండగా వెనకున్న వాయువులో కొంత పైనున్న సన్నని దారిలోకి మళ్లి పిస్టన్‌ను తంతుంది. పిస్టన్ బోల్టు మోసే దిమ్మెను వెనక్కి నెడుతుంది. బోల్టు చివరి కొక్కెం 51 మిల్లీమీటర్ల ఇత్తడి తొడుగును అంచు పట్టి లాగుతుంది. వెనక అడ్డున్న మొన తగలగానే తొడుగు గిర్రున తిరిగి కుడివైపు కిటికీలోంచి బయటపడుతుంది. దానితోపాటు కొంత వేడి వాయువు, మసి కూడా. కుడి భుజంవాడికి ఇదంతా తుపాకీకి అవతలి పక్క వ్యవహారం. ఎడమ భుజంవాడి ముఖం ఉండేదే ఆ పక్కన. తొడుగు అతని ముక్కు ముందు నుంచి, తుపాకీని మోస్తున్న కుడిచేతి మీదుగా పోతుంది. ఒకోసారి చొక్కా మడతలోనో మోచేతి వంపులోనో పడుతుంది. కాలినా కదలకూడదు, ఎందుకంటే ట్రిగ్గర్ మీద ఇంకా వేలుంది, గొట్టంలో అప్పటికే మరో తూటా ఉంది.

ఈ కిటికీ కంటే ఆలోచించాల్సినది మరొకటి ఉంది. ఫాల్ రూపకర్త తూటా ఎక్కించే పిడిని ఎడమవైపు పెట్టాడు, సేఫ్టీ మీటను కూడా ఎడమవైపే, పిస్టల్ పిడికి కాస్త పైన పెట్టాడు. కుడిచేతివాటం వాడి కోసం పడ్డ శ్రద్ధ అది. అతని కుడిచెయ్యి పట్టు వదలక్కర్లేదు, బొటనవేలు మీట మీదికి దానంతటదే పోతుంది, ఖాళీగా ఉన్న ఎడమచెయ్యి పిడి లాగుతుంది. త్రీ నాట్ త్రీతో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. ఆ మెరుగే ఎడమచేతివాటం వాడికి తలుపు మూసింది. అతని బొటనవేలు ఉన్న పక్క మీట లేదు, ఖాళీ చెయ్యి ఉన్న పక్క పిడి లేదు. దీనికి ఎదురుగా కలాష్నికోవ్ ఏకే రైఫిల్‌ను పెట్టి చూస్తే విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. ఏకేలో పిడీ మీటా రెండూ కుడివైపే. మీట మార్చడానికి కుడిచేతివాటం వాడూ పట్టు సడలించాల్సిందే, తూటా ఎక్కించడానికి చెయ్యి వదలాల్సిందే. ఎడమచేతివాటం వాడికేమో ఖాళీగా ఉన్న కుడిచేతి పక్కనే పిడి దొరుకుతుంది. ఎవరి సౌకర్యాన్నీ అంతగా పట్టించుకోని తుపాకీలో ఇద్దరికీ ఇబ్బంది సగం సగం పంచబడింది. ఒకరి సౌకర్యాన్ని పూర్తిగా పట్టించుకున్న తుపాకీలో రెండోవాడి వాటా మొత్తం ఇబ్బందే అయింది. తయారీ ఎంత నైపుణ్యంగా సాగితే అంతగా ఒక పక్షానికి ఒరిగిందన్నమాట. పుణెలోని ఆయుధ పరిశోధన సంస్థ ఏఆర్‌డీఈ రూపొందించగా 1990ల్లో దళాలకు చేరిన ఇన్సాస్ కూడా ఇదే వారసత్వం తీసుకుంది. పిడి ఎడమన, మీట ఎడమన, తొడుగు పోయే కిటికీ కుడిన. 1999 కార్గిల్ యుద్ధంలో వాడింది, ఆ తర్వాత సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ చేతుల్లోకి పోయింది ఈ అమరికే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. చెయ్యి అలవాటుకు లొంగుతుంది కదా, శిక్షణలో అందర్నీ కుడి భుజానికి మళ్లిస్తే పోయేదానికి తుపాకీని మార్చడం ఎందుకు అని. ఈ వాదనకు హంగరీ సైనికుడు కారొలి టకాచ్ కంటే గొప్ప సాక్షి దొరకడు. 1938లో గ్రెనేడ్ పేలి కుడిచెయ్యి పోతే ఎడమచేత్తో సాధన చేసి, 1948 లండన్‌లోనూ 1952 హెల్సింకీలోనూ ర్యాపిడ్ ఫైర్ పిస్టల్‌లో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. చెయ్యి నేర్చుకుంటుంది అన్నది నిజమే. అయితే అతను పట్టింది పిస్టల్. దాన్ని చెయ్యి చాచి, ముఖానికి బారెడు దూరంలో పట్టుకుంటారు. ఏ చేత్తో పట్టుకున్నా గురిచూసే కన్ను మారక్కర్లేదు. రైఫిల్ అలా కాదు. చెంప దాన్ని తాకాలి, ఏ భుజానికి ఆనిస్తే ఆ పక్క కంటితోనే గురి చూడాలి. మనుషుల్లో ఎడమచేతివాటం ఉన్నవాళ్లు సుమారు పదిశాతం అయితే, ఎడమకన్ను ప్రధానంగా పనిచేసేవాళ్లు దాదాపు మూడోవంతు ఉంటారు. చేతికి లొంగే అలవాటు కంటికి అంత తేలిగ్గా లొంగదు. అంటే దళంలో చేరిన కుర్రాణ్ణి నీది ఏ చేతివాటం అని అడగడమే సరిపోదు, ఏ కన్ను నడిపిస్తోందో చూడాలి. అప్పుడు ఈ సమస్య పదిమందిలో ఒకడిదిగా కాక, రాసే చెయ్యి కుడిదే అయినా గురి కుదరక ఎందుకో తెలియక తంటాలుపడే చాలామందిదిగా కనిపిస్తుంది. పుర్రచేతివాటం పిల్లల్ని బడిలో కుడిచేతికి మళ్లించి రాయించిన సమాజం, ఆ పిల్లలే పెద్దయి దళంలో చేరితే వాళ్లను కుడిచేతివాటం వాళ్లుగానే లెక్కగట్టింది. అందువల్ల లెక్క ఎప్పుడూ తక్కువే తేలింది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఫైరింగ్ రేంజ్‌లో అందరూ ఒకే పక్కకు కాల్చితేనే క్షేమం, ఒక జవాను పడిపోతే అతని రైఫిల్ పక్కవాడికి వెంటనే పనికిరావాలి, ఆయుధాగారంలో రెండు రకాల భాగాలు పెడితే తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కు గందరగోళం, ఖజానాకు బరువు అని. ఇందులో మొదటి మాటకు బలం తక్కువ. రేంజ్‌లో పక్కపక్కన పడుకుని కాల్చేటప్పుడు కుడి భుజంవాడు విసిరే తొడుగు కూడా కుడిపక్కవాడి వైపే పోతుంది, మధ్యలో ఎడం పాటిస్తే సరిపోతుంది. మిగతా రెండు మాటలూ నిజం. అందుకే ఎడమచేతికి వేరే రైఫిల్ చేయడం అనే దారి ఏ సైన్యంలోనూ పెద్దగా సాగలేదు. దాన్ని ప్రయత్నించి చూసినవాళ్లున్నారు. ట్రిగ్గర్ వెనకాల మ్యాగజైన్ ఉండే పొట్టి రైఫిళ్లలో తొడుగు పోయే కిటికీ సరిగ్గా చెంప దగ్గరికి వస్తుంది. అక్కడ ఎడమ భుజం ఇబ్బందితో ఆగదు, పళ్లు రాలే ప్రమాదం అవుతుంది. 1970ల చివర వచ్చిన ఆస్ట్రియా ఆగ్ రైఫిల్‌కు వేరే బోల్టు అమర్చి, ఎడమవైపు కిటికీ తెరిచి, కుడివైపుది మూసే ఏర్పాటు చేశారు. ఫ్రాన్స్ వాళ్ల ఫామాస్‌లో కొక్కేన్ని, చెంప ఆనే దిమ్మెను అటు నుంచి ఇటు మార్చుకోవచ్చు. బ్రిటన్ మాత్రం తొలి నమూనాల్లో ఎడమచేతి రకాన్నీ చేసి చూసి, 1985లో దళాలకిచ్చిన ఎస్ఏ80 విషయంలో ఆ దారి వదిలేసింది. సైనికులందరూ కుడి భుజంతోనే కాల్చాలని తీర్మానించింది. మూడు దేశాలకూ ఎదురైంది ఒకటే చిక్కు. రెండు యంత్రాన్ని కదిలించాయి, ఒకటి మనిషిని కదిలించింది.

ఆస్ట్రియా, ఫ్రాన్స్ పద్ధతికీ ఒక పరిమితి ఉంది. బోల్టు మార్చిన రైఫిల్ ఆ తర్వాత ఎడమచేతివాటం వాడిదే అవుతుంది. పక్కవాడు అందుకుంటే తొడుగు వాడి ముఖానికి తగులుతుంది. రెండో అభ్యంతరంలోని బలమంతా ఇక్కడుంది. దీనికి జవాబు వేరే రకం రూపకల్పన నుంచి వచ్చింది. ఎవరు పట్టుకున్నా తేడా లేని రైఫిల్ చేయడమే ఆ జవాబు. 1990 నాటి బెల్జియం పీ90 తొడుగును కిందికి వదిలింది. 2001లో వచ్చిన ఎఫ్2000 తొడుగును గొట్టం పక్కన ఒక నాళం గుండా ముందుకు పంపింది. 1997లో జర్మన్ సైన్యం స్వీకరించిన జీ36లో తూటా ఎక్కించే పిడి పైన మధ్యలో ఉంటుంది, ఏ చేత్తోనైనా లాగవచ్చు. అన్నింటికంటే చౌకైన పరిష్కారం అమెరికా ఎం16ఏ2లో 1980ల తొలినాళ్లలో కనిపించింది. కిటికీ వెనక అంచున చిన్న లోహపు గుబ్బ పోశారు. తొడుగు దానికి తగిలి ముఖం వైపు రాకుండా ముందుకు మళ్లుతుంది. దానికి ఆర్మరర్ అక్కర్లేదు, వేరే భాగం అక్కర్లేదు, కుడి భుజంవాడికి దానివల్ల నష్టమూ లేదు. ఈ గుబ్బ ఎడమచేతివాటం వాళ్ల కోసమే పెట్టింది కాబట్టి నా వాదనకు ఇది ఎదురుదెబ్బ అనిపించవచ్చు. కానీ ఆ రైఫిల్ అప్పటికి ఇరవై ఏళ్లుగా వాడుకలో ఉంది, తగిలించుకునే తొడుగు అడ్డాలు వియత్నాం కాలం నుంచే ఉన్నాయి. గుబ్బ పోసిన రైఫిల్‌లోనే సేఫ్టీ మీట మాత్రం ఇంకా ఎడమవైపునే, కుడి బొటనవేలి కోసమే ఉంది. ముఖానికి తగిలే దెబ్బను ఆపారు, చేతికి కావలసిన సౌకర్యం మాత్రం ఇవ్వలేదు.

ఆ సౌకర్యం ఎప్పుడు వచ్చిందో చూస్తే కారణం బయటపడుతుంది. పోరాటం మైదానాల నుంచి ఊళ్లలోకి, గదుల్లోకి, మెట్ల మీదికి మారాక గోడ మూల అనేది సైనికుడికి రోజువారీ లెక్క అయింది. గోడకు ఎడమ అంచు నుంచి అవతలికి చూడాల్సి వస్తే, కుడి భుజంతో కాల్చేవాడి శరీరం సగం బయటపడుతుంది. ఎడమ భుజానికి మారిస్తే గొట్టం, ఒక కన్ను మాత్రమే బయట ఉంటాయి. అంటే కుడిచేతివాటం వాడూ రోజులో కొంతసేపు ఎడమచేతివాటం వాడు కావాలి. ఆ అవసరం వచ్చాక రెండు వైపులా మీటలు, ఎటైనా అందే బోల్టు విడుపు, మధ్యలో పిడి ఉన్న రైఫిళ్లు ప్రత్యేక దళాలకు మామూలైపోయాయి. ఎస్ఏ80తో దాదాపు నలభై ఏళ్లు కుడి భుజం మీదే నిలబడిన బ్రిటన్ కూడా 2023లో తన ప్రత్యేక దళాల కోసం రెండు వైపులా అమరిక ఉన్న కొత్త రైఫిల్ ఎంచుకుంది. మన దగ్గరా అదే వరుస. మెరైన్ కమాండోలు, వైమానిక దళపు గరుడ్‌లు, సీఆర్‌పీఎఫ్ కోబ్రా దళాలు వాడే టావోర్ కుటుంబపు ఇజ్రాయెలీ రైఫిళ్లను ఎడమచేతికి మార్చుకునే వీలుంది. 2019లో త్రివిధ దళాల కోసం 72,400 కొనుగోలు చేసిన సిగ్ 716 రైఫిల్‌కు రెండు వైపులా మీట ఉంది. అదే, అందరి చేతికీ పోవాల్సిన రైఫిల్ సంగతి వేరు. 2021 డిసెంబరులో ఒప్పందం కుదిరి అమేఠీ జిల్లా కోర్వాలో తయారవుతున్న ఏకే 203ల సంఖ్య 6 లక్షలు దాటుతుంది. అందులో మీట పాత చోటే, కుడిపక్కనే. కొత్తగా వచ్చిందల్లా కుడిచేతి చూపుడువేలికి పట్టు సడలించకుండా అందేలా ఆ మీటకు పెట్టిన చిన్న అంచు. ఏకేలో ఇబ్బంది సగం సగం పంచబడి ఉండేదని చెప్పుకున్నాం. సవరణ జరిగినప్పుడు ఆ రెండు సగాల్లో తగ్గింది కుడిచేతివాటం వాడి సగమే.

ఎడమచేతికి తుపాకీ చేయడం సాంకేతికంగా అంత కష్టమైతే ఈ ఆలస్యాన్ని అర్థం చేసుకోవచ్చు. అది కష్టం కాదని ఆటల రైఫిళ్లు ఎప్పుడో రుజువు చేశాయి. ఆన్షుట్జ్ లాంటి జర్మన్ సంస్థలు ఒలింపిక్ పోటీల రైఫిళ్లను బోల్టు ఎడమన, చెంపదిమ్మె ఎదురుపక్కన పెట్టి దశాబ్దాలుగా అమ్ముతున్నాయి. 2003లో మొదలైన స్టాగ్ ఆర్మ్స్ అనే అమెరికన్ సంస్థ అద్దంలో చూసినట్టు కిటికీతో సహా తిరగేసిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ను అక్కడి పౌరుల మార్కెట్లోకి తెచ్చింది. కొనేవాడే వాడేవాడైనచోట ఎడమచేతి రకం త్వరగా వచ్చింది. కొనేది ప్రభుత్వం, వాడేది జవాను అయినచోట రాలేదు. టెండరు పత్రం మీద సంతకం చేసేవారి భుజానికి తొడుగు తగలదు. మన దేశంలో సైన్యపు తూటా పేలే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు పౌరుడికి నిషిద్ధం. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీని మార్చాలన్నా బాగుచేయాలన్నా లైసెన్సు కావాలి. ఆ కట్టుబాటు అవసరమే. అయితే దానివల్ల ఒక బాధ్యత కూడా ప్రభుత్వం మీదికి వస్తుంది. సొంతంగా మార్చుకునే హక్కు లేనివాడికి, మార్చుకోనవసరం లేని ఆయుధం ఇవ్వాల్సింది దాన్ని చేతికిచ్చినవారే. సీఆర్‌పీఎఫ్ ఒక్కదాని బలమే సుమారు 3 లక్షలు. పదోవంతు లెక్కేసినా 30 వేలమంది, అంటే యలహంక లాంటి గ్రూప్ సెంటర్లు ఎన్నో నిండేంతమంది.

చివరి అభ్యంతరం ఒకటి మిగిలింది. ఇన్నాళ్లూ కుడి భుజంతోనే యుద్ధాలు గెలిచాం కదా, ఇప్పుడెందుకీ చర్చ అని. గెలుపు మొత్తం దళానికి లెక్క, గురి ఒక్కొక్కరికీ లెక్క. దళం గెలిచినంత మాత్రాన గురి కుదరని వాడి లోటు తీరినట్టు కాదు. పైగా ఈ చర్చకు ఇప్పుడే సరైన సమయం, ఎందుకంటే మన రైఫిళ్లు ఇషాపూర్ దాటి కొత్త చోట్ల పుడుతున్నాయి. 2024 జనవరిలో ఏఆర్‌డీఈ ఆవిష్కరించిన 7.62 ఎంఎం ఉగ్రం రైఫిల్‌ను కలిసి తయారుచేసింది హైదరాబాద్‌కు చెందిన ద్వీప ఆర్మర్. సైన్యపు ఉత్తర కమాండ్ 550 తీసుకున్న అస్మి మెషిన్ పిస్టల్ హైదరాబాద్ లోకేశ్ మెషిన్స్‌లో తయారవుతోంది. బెంగళూరులోనూ ఎస్‌ఎస్‌ఎస్ డిఫెన్స్ లాంటి ప్రైవేటు సంస్థలు రైఫిళ్లు చేస్తున్నాయి. రెండో వైపు మీట, తొడుగును మళ్లించే గుబ్బ, మధ్యలో పిడి లాంటివి కాగితం మీద గీతగా ఉన్నప్పుడు చేర్చడానికి పెద్ద ఖర్చు లేదు. 6 లక్షల రైఫిళ్లు అచ్చయ్యాక చేర్చాలంటే అయ్యే పని కాదు. ఎం16 విషయంలో గుబ్బకు ఇరవై ఏళ్లు పట్టడానికి కారణం అదే కావచ్చు. కాబట్టి చేయాల్సినవి రెండే. దళంలో చేరే రోజున ప్రతి ఒక్కరి కంటినీ పరీక్షించి రాసిపెట్టుకోవాలి. కొత్త రైఫిల్ కోసం సైన్యం రాసే గుణాల జాబితాలో రెండు భుజాలకూ పనికిరావాలన్న షరతును ప్రత్యేక దళాలకే కాక అందరి రైఫిల్‌కూ పెట్టాలి. చెకుముకి తుపాకీ నాడు కుడి భుజం నియమానికి మూడు కారణాలుండేవి. కళ్లముందు లేచే మంట ఇప్పుడు లేదు, భుజాలు రాసుకునే వరుస లేదు, ఒకే ఆజ్ఞకు గజం తీసే వేగంతో పనే లేదు. మూడూ పోయాక నియమం ఒక్కటే మిగిలిందంటే దాన్ని నిలబెడుతున్నది అలవాటే. అలవాటును కాపాడుకోవడానికి రైఫిల్ గురిని బలిపెట్టడం ఏ సైన్యానికీ లాభసాటి బేరం కాదు.